ట్రాన్స్‌ఫార్మర్ ఎవరి గట్టు మీద?

ముప్పై రెండేళ్లు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేశాను. లైన్‌మన్‌గా చేరి, సబ్ ఇంజనీర్‌గా దిగిపోయాను. అన్నేళ్లూ నేను చూసింది కరెంటు వచ్చి చేరే చోటే. స్తంభం, వైరు, ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యూజు పోయిందని రాత్రి పన్నెండింటికి ఫోను. అది పుట్టే చోటికి మాత్రం ఎన్నడూ పోలేదు. నల్లగొండలో ఎరువుల దుకాణం నడిపే మా బామ్మర్ది ఒకరోజు, "బావా, నీ కరెంటు యాడ పుడ్తదో చూసొద్దాం పా" అన్నాడు. కార్తీకం వెళ్లాక, అతని పాత ఆల్టోలో బయల్దేరాం.

బయల్దేరేటప్పుడే బంకు దగ్గర వాడి సణుగుడు మొదలైంది. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారట, మైలేజీ పడిపోయిందట. ఆ సణుగుడు ఆరు రోజులూ నడిచింది. అప్పుడు పట్టించుకోలేదు కానీ ఐదో రోజు దానికీ ఒక ఊరు ఎదురైంది.

మొదటి రోజు: నల్లగొండ – మిర్యాలగూడ – దామరచర్ల

మిర్యాలగూడ దారి పొడవునా సగం రోడ్డు వడ్లదే. వడ్లు కొనే ఐకేపీ సెంటర్లలో జాగా చాలక తారు మీదే ఆరబోశారు. బండి పక్కకు తీసి తీసి నడపాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరు, అక్కడి గాలిలోనే తవుడు వాసన ఉంటుంది.

దామరచర్ల దాటి వీర్లపాలెం వైపు తిరిగితే యాదాద్రి థర్మల్ ప్లాంట్ పొగ గొట్టాలు చాలా దూరం నుంచే కనిపిస్తాయి. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4000 మెగావాట్లు. 2015 జూన్‌లో కేసీఆర్ శంకుస్థాపన చేశారు. తొలి యూనిట్‌ను జాతికి అంకితం చేసింది 2024 డిసెంబర్‌లో, రేవంత్ రెడ్డి ప్రభుత్వం. శంకుస్థాపన చేసిన పార్టీ ఒకటి, స్విచ్ వేసిన పార్టీ ఇంకొకటి. నడుమ 2022లో హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని పక్కన పెట్టి, మళ్లీ అధ్యయనం చేయమంది. పని మాత్రం ఆగలేదు. టెండర్ లేకుండా నామినేషన్ మీద కాంట్రాక్టు ఇవ్వడం గురించి 2024లో విచారణ కమిషన్ కూడా వేశారు. మొదటి అంచనానే దాదాపు 30 వేల కోట్ల రూపాయలు.

ఇంత బొగ్గు ప్లాంటు 2015లో ఎందుకు మొదలైందని బామ్మర్ది అడిగాడు. అప్పటికే సోలార్ చవకవుతోంది కదా అని వాడి లెక్క. నేను ఆ రోజుల్లో డ్యూటీలో ఉన్నవాణ్ణి. తెలంగాణ వస్తే చీకట్లే అన్న మాట అప్పుడు ఊరూరా వినిపించేది. 2014 ఎండాకాలంలో రైతులు సబ్‌స్టేషన్ ముందు కూర్చుంటే, లోపల మేము తలుపు వేసుకుని కూర్చున్నాం. ఆ అవమానం మీదే ఈ ప్లాంటు లేచింది. కొత్త రాష్ట్రానికి కరెంటు అంటే యూనిట్ల లెక్క ఒక్కటే కాదు, పరువు కూడా. పరువు విషయంలో కొలత ఒక్కటే, పెద్దది కట్టడం. సోలార్ పలకలు పొలంలో పరుచుకుని ఉంటాయి, ఎంత దూరం నుంచి చూసినా అవి పొగ గొట్టంలా కనిపించవు.

ఇంకో సంగతి బయటివాళ్లకు తెలియదు. థర్మల్ ప్లాంటుతో ఒప్పందం మామూలుగా 25 ఏళ్లకు రాసుకుంటారు. మనం కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా ఫిక్స్‌డ్ ఛార్జీలు కట్టాల్సిందే. పెళ్లికి హాలు మాట్లాడుకున్నట్టు, పెళ్లి ఆగినా హాలు కిరాయి ఆగదు. అందుకే బొగ్గు ప్లాంటు ఒకసారి లేచిందంటే దాని తర్వాత వచ్చే ప్రతి ప్రభుత్వానికీ దాన్ని నడపడమే లాభం. రేపు ఎంత చవకగా సోలార్ దొరికినా, ముందు ఈ కిరాయి కట్టాకే దాని మాట. నాకు తెలిసి బొగ్గు అసలు బలం గనుల్లో ఉన్నంత ఈ కాగితాల్లోనూ ఉంది.

టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని ఆఫీసర్లనుకున్నాడు. "మా భూములు పోయినయి సారూ. నౌకరీ ఇస్తమన్నరు. మా పోరగానికి పర్మినెంటు అయితదా?" అన్నాడు. నేను ఆఫీసర్ని కాదని చెప్పినా నమ్మలేదు. రిటైరయ్యానంటే, "రిటైరైనా మీ మాట నడుస్తది గద" అన్నాడు. ప్లాంటులో ఎక్కువ భాగం అడవి భూమి. పట్టా ఉన్నవాడికి పరిహారం వచ్చింది. ఆ అడవిలో మేకలు మేపుకున్నవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

సాయంత్రం వాడపల్లి వెళ్లి, మూసీ కృష్ణలో కలిసే చోట కాళ్లు కడుక్కున్నాం. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే మూసీ ఒక పక్క, సిమెంటు ఫ్యాక్టరీలు ఇంకో పక్క, నడుమ నరసింహస్వామి గుడి. బామ్మర్ది ఆ నీళ్లు తల మీద చల్లుకున్నాడు. నేను కాళ్లతోనే సరిపెట్టాను.

రెండో రోజు: సాగర్, పెద్దగట్టు, అక్కంపల్లి

హాలియా మీదుగా నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది వేసిన డ్యామ్. రాతి కట్టడం. దీన్ని కట్టిన చేతుల్లో పాలమూరు లేబర్ చేతులు ఎన్నో. ఆ పాలమూరుకు నీళ్లు చాలా కాలం రాలేదు. ఇక్కడ జల విద్యుత్ కూడా ఉంది. కొన్ని టర్బైన్లు రెండు దిక్కులా తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోసి, కావాల్సినప్పుడు మళ్లీ వదిలి కరెంటు తీయవచ్చు. పగలు సోలార్ ఎక్కువై, రాత్రి తక్కువయ్యే కాలానికి ఇంతకన్నా మంచి బ్యాటరీ లేదు. యాభై ఏళ్ల కింది ఇంజనీర్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

పెద్దగట్టు, లంబాపూర్ తండాలు సాగర్ జలాశయానికి కూతవేటు దూరం. యురేనియం తవ్వుతామని 2003లో ఇక్కడ బహిరంగ విచారణ పెట్టారు. తండావాళ్లతో పాటు హైదరాబాద్ నుంచి కూడా జనం వచ్చి అడ్డుకున్నారు. అణు విద్యుత్‌లోనూ పొగ ఉండదు, దాన్నీ శుభ్రమైన కరెంటే అంటారు. కానీ ఈ జలాశయం నుంచే హైదరాబాద్‌కు తాగునీరు పోతుంది. తండావాళ్ల గొంతుకు హైదరాబాద్ దాహం తోడైంది. లేకపోతే ఏమయ్యేదో నేను చెప్పలేను, ఊహించగలను.

ఆ నీళ్లు ఎలా పోతాయో అక్కంపల్లి రిజర్వాయర్ దగ్గర చూడొచ్చు. సాగర్ వెనక నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లికి తెస్తారు. అక్కడి నుంచి పైపుల్లో రాజధానికి. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాల తరాల ఎముకలు వంగిపోయిన జిల్లా మాది. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పెట్టారు. పేరు మిగిలింది, నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, మంచి నీళ్ల కోసం కొట్లాడే జలసాధన సమితి వాళ్లు మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే, నల్లగొండ బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది, పోలింగే వాయిదా పడింది. ఆ ఏడు మా సెక్షన్‌లో నలుగురం ఎన్నికల డ్యూటీకి పోయాం. ఆ బ్యాలెట్‌ను మడత పెట్టి పెట్టెలో వేయడానికి ముసలవ్వలు పడ్డ అవస్థ ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ తర్వాత ఢిల్లీవాళ్లు డిపాజిట్ సొమ్ము 500 నుంచి 10,000కు పెంచారు. మా గోడు వినడం కన్నా అది సులువు.

రాత్రి దేవరకొండ. లాడ్జిలో దోమలు. ఇంతకు మించి చెప్పుకోడానికేమీ లేదు.

మూడో రోజు: డిండి మీదుగా నల్లమల

అచ్చంపేట దాటి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడవి మొదలవుతుంది. ఈ అమ్రాబాద్ గుట్టల్లో కూడా 2019లో యురేనియం మాట వచ్చింది. 83 చదరపు కిలోమీటర్ల సర్వేకు ఢిల్లీలో కదలిక రాగానే ఊళ్లలో చెంచులు, హైదరాబాద్‌లో విద్యార్థులు, సినిమావాళ్లు, అన్ని పార్టీలవాళ్లు ఒక్కటయ్యారు. ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. చెంచుల మాట ఒక్కటే అయితే అసెంబ్లీ దాకా పోయేదా అని బామ్మర్దితో వాదన వేసుకున్నాను. వాడేమో, "ఎట్లయితేంది బావా, ఆగింది గద" అన్నాడు. నిజమే, ఆగింది.

మాచారం వెళ్లాం. 2025 మేలో ముఖ్యమంత్రి ఇందిరా సౌర గిరి జల వికాసం పథకం మొదలుపెట్టిన ఊరు. అడవి హక్కుల పట్టాలున్న గిరిజన రైతులకు బోరు వేసి, సోలార్ పంపు బిగించే పథకం. 12,600 కోట్ల రూపాయలు, 6 లక్షల ఎకరాలు, 2 లక్షల 10 వేల మంది రైతులని లక్ష్యం.

ఇక్కడ సోలార్ ఎందుకో నాకు బాగా తెలుసు. పోడు భూమికి లైను గీయాలని ఎన్నిసార్లు ఎస్టిమేట్ వేశామో! అడవి నడుమ స్తంభం పాతితే ఫారెస్టోళ్లు ఊరుకోరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా చేతిలో ఉంటుంది, స్తంభానికి మాత్రం అనుమతి ఉండదు. ఒక సర్కారు శాఖ ఇచ్చిన హక్కును ఇంకో శాఖ వైరు దగ్గర ఆపేసేది. సోలార్ పంపుకు వైరు అక్కర్లేదు. అంటే ఇక్కడ సూర్యుడు తీర్చింది కరెంటు కొరత ఒక్కటే కాదు, రెండు శాఖల నడుమ ఇరవై ఏళ్లుగా తేలని పంచాయతీని కూడా పక్కకు జరిపాడు.

చేనులో ఉన్న ఒకామె ప్యానెల్ తుడుస్తోంది. పంపు ఎలా ఉందంటే, "మబ్బు పడితే ఆగుతది సారూ, లేకుంటే మంచిగనే పోస్తది" అంది. చెడిపోతే ఎవరికి చెప్తారని అడిగాను. నవ్వి, "గదే మీరు చెప్పున్రి" అంది. నా దగ్గర జవాబు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే లైన్‌మన్ ఇంటి తలుపు కొట్టడం ఊరికి తెలుసు. సోలార్ పంపు కంట్రోలర్ బోర్డు కాలితే ఏ ఇంటి తలుపు కొట్టాలి?

సాయంత్రం శ్రీశైలం దారి వైపు కొంత దూరం పోయి వెనక్కి తిరిగాం. దోమలపెంట పేరు వినగానే 2025 ఫిబ్రవరి 22 గుర్తొచ్చింది. నల్లగొండకు నీళ్లు తేవడానికి తవ్వుతున్న ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కూలి 8 మంది చిక్కుకుపోయిన రోజు. దానికి ముందు, 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ జల విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి 9 మంది పోయారు. ఆ రాత్రి నేను టీవీ ముందు నుంచి లేవలేదు. బొగ్గు లేని కరెంటుకూ మనుషులు పోతారు.

నాలుగో రోజు: కొండారెడ్డిపల్లి, సోమశిల

వంగూరు మండలం కొండారెడ్డిపల్లి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు. దక్షిణ భారతంలో తొలి పూర్తి సోలార్ గ్రామమని చెబుతారు. దాదాపు 480 ఇళ్ల మీద ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున ప్యానెళ్లు. పనితనం బాగుంది. ఎర్తింగ్ సరిగ్గా ఇచ్చారు, మీటర్లు నిటారుగా బిగించారు. నేను అలవాటు కొద్దీ ముందు అవే చూశాను.

3 కిలోవాట్లంటే మంచి ఎండకు రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి. ఊళ్లో ఒక మామూలు ఇల్లు అంత వాడదు, మిగిలింది గ్రిడ్‌కు పోతుంది. పైగా 200 యూనిట్ల లోపు వాడే పేదింటికి గృహజ్యోతి కింద బిల్లు ఎలాగూ సున్నా. సున్నా బిల్లు వచ్చే మనిషి తన జేబులోంచి పెట్టుబడి పెట్టి సోలార్ ఎందుకు బిగించుకుంటాడు? ఎవరో బిగిస్తేనే బిగుస్తుంది. ఇక్కడ సబ్సిడీ, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ సొమ్ము, అధికారుల శ్రద్ధ, మూడూ ఒకే వాకిట్లో కలిశాయి. పక్క ఊళ్లో చాయ్ తాగుతూ మీకెప్పుడని అడిగితే, ఒక పిల్లవాడు, "మా ఊరోడు సీఎం కావాలె మరి" అని గ్లాసు కింద పెట్టాడు.

నాకు నవ్వు రాలేదు, పాత సంగతి గుర్తొచ్చింది. నేను లైన్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు ఒక ఊళ్లో పన్నెండు మంది రైతులు కలిసి ట్రాన్స్‌ఫార్మర్ కోసం డీడీలు కట్టారు. లోడు నడుమకు వచ్చేలా 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు జాగా చూసి గుర్తు పెట్టాను. మర్నాడు పొద్దున్నే ఒక నాయకుడి ఇంటి నుంచి ఫోను. ట్రాన్స్‌ఫార్మర్ ఆయన చేను గట్టు మీద దిగింది. చివరి రైతు మోటారుకు వోల్టేజీ అందక ఏటా వైండింగ్ కాలేది. ప్రతిసారీ ఆయన వచ్చి నా ముఖం చూసి ఊరుకునేవాడు. నేను సంతకం పెట్టిన కాగితమే అది. ఇప్పుడు ప్యానెల్ చూసినా, పంపు చూసినా, నాకు ముందు ఆ గట్టే కనిపిస్తుంది.

కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరేసరికి పొద్దు వాలింది. శ్రీశైలం వెనక జలాలు, అవతల నల్లమల కొండలు, పడవలు. సెలవు రోజుల్లో టూరిస్టులు కిక్కిరిసిపోతారట. ఈ నీళ్ల కింద ఊళ్లున్నాయి. 1981లో ఖాళీ చేయించారు. మరుసటి ఏడు శ్రీశైలంలో తొలి యూనిట్ తిరిగింది. గుళ్లను రాయి రాయి విప్పి పైకి తెచ్చి కట్టారు. మనుషులకు ఉద్యోగాలిస్తామని 1986లో జీవో నంబర్ 98 ఇచ్చారు. ఈ చుట్టుపక్కల ముంపు బాధితుణ్ణి ఎవరినైనా కదిపితే ముందు వచ్చే మాట '98 జీవో'. పడవ నడిపే ఆయన కూడా అదే అన్నాడు. "మా నాయిన దరఖాస్తు పెట్టి పాయె, నేను పెట్టిన. మా పిలగాడు వద్దంటడు, హైదరాబాద్ పోతనంటడు." ఆయన చెయ్యి నీళ్ల మీదకు చూపించి, "గా తుమ్మ కాడ మా ఇల్లు" అన్నాడు. నాకు నీళ్లే కనిపించాయి.

అక్కడికి దగ్గర్లోనే నార్లాపూర్. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల తొలి పంపును 2023 సెప్టెంబర్ 16న ఇక్కడే ఆన్ చేశారు. ఒక్క పంపు 145 మెగావాట్లు. రాత్రి లాడ్జిలో కాగితం మీద లెక్క వేశాను. కొండారెడ్డిపల్లి ఇళ్ల మీది ప్యానెళ్లన్నీ కలిపితే 1.44 మెగావాట్లు. మిట్ట మధ్యాహ్నపు ఎండలో, అలాంటి ఊళ్లు వంద ఒక్కటైతే ఈ పంపు ఒకటి తిరుగుతుంది. పాలమూరుకు నీళ్లు రావద్దని నేననను, అనే హక్కు నాకు లేదు. ముంబైకి వలస బస్సులెక్కిన జనాన్ని చూసినవాణ్ణి. కానీ ఈ పంపులకు కావాల్సిన కరెంటు ఇళ్ల కప్పుల నుంచి రాదు. మొదటి రోజు చూసిన పొగ గొట్టాలు మళ్లీ కళ్ల ముందు నిలబడ్డాయి.

ఐదో రోజు: గద్వాల, రాజోలి

వనపర్తి మీదుగా గద్వాల. మా ఆవిడకు చీర కొనాలని ముందే మాట ఇచ్చాను. ధర వినగానే బామ్మర్ది బయటికి వెళ్లి నిలబడ్డాడు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పల్లీల పొడితో కానిచ్చి తుంగభద్ర ఒడ్డుకు, రాజోలి మండలం పెద్దధన్వాడకు పోయాం. ఇక్కడ ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని పది పన్నెండు ఊళ్లు నెలల తరబడి దీక్షలు చేశాయి. 2025 జూన్‌లో పనులు మొదలుపెట్టబోతే గొడవ జరిగింది, వాహనాలు తగలబడ్డాయి, రైతులు జైలుకు పోయారు. ఆ తర్వాత వాళ్లను అలంపూర్ కోర్టుకు బేడీలతో తెచ్చిన ఫోటోలు బయటికి రావడంతో రాష్ట్రమంతా గగ్గోలైంది. పోలీసుల్లో కొందరిని సస్పెండ్ చేశారు. రైతు చేతికి బేడీలంటే ఏ ప్రభుత్వమూ తట్టుకోలేదు.

బామ్మర్ది మైలేజీ సణుగుడు వచ్చి చేరింది ఇక్కడికే. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ బియ్యం, మక్కల నుంచీ తీస్తారు. దాన్ని పచ్చ ఇంధనం అంటారు. దిగుమతి చమురు తగ్గుతుంది, డాలర్లు మిగులుతాయి, మిల్లుల్లో పేరుకున్న నూకలకు గిరాకీ వస్తుంది. ఢిల్లీలో కూర్చుని చూస్తే తప్పేమీ కనిపించదు. ఒడ్డున కూర్చుని చూస్తే ఫ్యాక్టరీ నీళ్లు నది నుంచి తోడాలి, వాడిన నీళ్లు ఎక్కడికో వదలాలి. ఇక్కడి పొలాల్లో విత్తనాల కోసం సీడ్ పత్తి వేస్తారు, దానికి మంచి నీళ్లు, మంచి గాలి కావాలి. మిర్యాలగూడ రోడ్డు మీద ఆరబోసిన వడ్లు గుర్తొచ్చాయి. ఉచిత కరెంటుతో బోర్లు, బోర్లతో వడ్లు, మిగిలిన వడ్లకు ఇథనాల్, ఇథనాల్‌కు మళ్లీ నీళ్లు. ఈ గొలుసులో ఏ లంకెను ముట్టుకున్నా ఒక ఓటు బ్యాంకు, లేదా ఒక మిల్లరు, లేదా ఒక కంపెనీ అడ్డం వస్తుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్లు తీసేయమని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది మేమే. లేకపోతే కరెంటున్నంతసేపూ మోటారు నడిచి బోర్లు ఎండుతాయని మా భయం. ఎంతమంది తీశారో అడక్కండి.

గ్రామంలో ఎవరూ మాతో ఎక్కువ మాట్లాడలేదు. తెలియని కారు నంబరు చూసి అనుమానపడ్డారు. ఒకామె మాత్రం, "మీరు కంపెనోళ్లా, సర్కారోళ్లా?" అని అడిగింది. ఎవరమూ కాదన్నాను. "మరి ఎందుకొచ్చిన్రు?" అంది. తిరుగు దారిలో బామ్మర్ది చాలాసేపు పెట్రోల్ మాట ఎత్తలేదు.

ఆరో రోజు: జూరాల, మరికల్, మహబూబ్‌నగర్

జూరాల గేట్ల దగ్గర చేపల వేపుడు. అంత రుచి సాగర్‌లో కూడా దొరకలేదు. మరికల్ మండలం చిత్తనూరులో ఇంకో ఇథనాల్ ఫ్యాక్టరీ ఉంది. 2023 అక్టోబర్‌లో అక్కడా ఘర్షణ జరిగింది. రోడ్డు మీద నుంచే చూసి సాగిపోయాం. మళ్లీ ఎవరైనా ఎందుకొచ్చారని అడిగితే చెప్పడానికి మా దగ్గర మాట లేదు.

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో, హైవేకు దగ్గర్లోనే అమర రాజా లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది. 2023 మేలో శంకుస్థాపన, పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అని ప్రకటించారు. వలస పోయే జిల్లాకు ఎలక్ట్రిక్ బండి గుండెకాయ వచ్చింది. నాకు సంతోషమే అనిపించింది, దాచుకోను.

గేటుకు కొంచెం ఇవతల చాయ్ బండి. పక్క బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాడట. నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేసి దిగిపోయానని బామ్మర్ది నోరు జారాడు. పిల్లవాడు లేచి నిలబడ్డాడు.

"సార్, లోపల పని కావాలంటే ఎవరికి చెప్పాలె?"

ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పెట్టుకో బాబూ అన్నాను. పెట్టానన్నాడు, రెండుసార్లు. ఇంకా నిలబడే ఉన్నాడు. నా ఫోన్‌లో ఒక ఎమ్మెల్యే పీఏ నంబరు ఉంది, పాత పరిచయం. కాసేపు చాయ్ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాను. తర్వాత నంబరు తీసి ఇచ్చాను. నా పేరు చెప్పమన్నాను.